ఇంటికో గది ఉన్న కోట: ప్రెజ్మెర్ అనే ఊరి కథ

ప్రెజ్మెర్ కోట లోపలికి వెళ్ళి చుట్టూ చూస్తే ముందుగా కళ్ళకు కనిపించేవి ఫిరంగులు కావు, తలుపులు. గుండ్రటి ప్రాకారం లోపలి వైపున, కింది నుంచి పై దాకా నాలుగు వరసల్లో చిన్న చిన్న గదులు. వాటి ముందు కొయ్య వసారాలు, ఒక వరస నుంచి ఇంకో వరసకు నిటారుగా కొయ్య మెట్లు. తలుపుల మీద అంకెలు. మొత్తం దాదాపు 270 గదులు. ఇన్ని తలుపులూ తన వైపే చూస్తుండగా మధ్యలో ఒక చర్చి.

ఇందులో రాజు ఉండే మహలు లేదు. దర్బారు లేదు. సేనాపతికి వేరే మేడ కూడా లేదు. ఊళ్ళో ఇంటికి ఒక గది, అంతే. రొమేనియాలో, ట్రాన్సిల్వేనియా ప్రాంతంలో ఇలాంటి చర్చి కోటలు ఇప్పటికీ నూట యాభైకి పైగా ఉన్నాయి. వాటి గురించి చదివినప్పుడల్లా 'యాభై సార్లు దాడి చేసినా లొంగని కోట' లాంటి మాటలే ముందు ఎదురవుతాయి. నాకు మాత్రం ఆ గోడల మందం కన్నా ఆ గదుల లెక్కే ఆసక్తిగా అనిపిస్తుంది. ఈ కోట ఎవరిది, ఎవరి డబ్బుతో కట్టారు, ఎవరి నుంచి కాపాడుకోవడానికి కట్టారు అన్న చిక్కుముడి విప్పాలంటే ఆ గదుల దగ్గరే మొదలుపెట్టాలి.

అంతకన్నా ముందు పేర్ల గొడవ ఒకటి తేల్చుకోవాలి. ఈ ఊరికి మూడు పేర్లు. రొమేనియన్‌లో ప్రెజ్మెర్, హంగేరియన్‌లో ప్రాజ్‌మార్, జర్మన్‌లో టార్ట్‌లావ్. ఇక్కడి ప్రతి ఊరికీ ఇలా మూడేసి పేర్లుంటాయి. దగ్గర్లోని పెద్ద పట్నం బ్రషోవ్, జర్మన్లకు క్రోన్‌స్టాట్, హంగేరియన్లకు బ్రాషో. చుట్టూ కొండలున్న ఈ మైదానాన్ని బర్సా సీమ అంటారు. కార్పేథియన్ కొండలు అక్కడ విల్లులా వంగుతాయి. ఆ వంపు లోపలి వైపున, తూర్పు అంచుకు దగ్గరగా ఉంది ప్రెజ్మెర్. కొండలకు అవతల నుంచి బుజావ్ కనుమ దాటి ఎవరు లోపలికొచ్చినా ముందు తగిలే ఊళ్ళలో ఇదొకటి. ఈ ఒక్క విషయం గుర్తుంటే మిగతా చరిత్రంతా సులువుగా అర్థమవుతుంది.

సాక్సనీ నుంచి రాని సాక్సన్లు

ఈ ఊరు కట్టుకున్నవాళ్ళను సాక్సన్లు అంటారు. జర్మనీలోని సాక్సనీ నుంచి వచ్చారు కాబోలు అనుకుంటాం. కాదు. 12వ శతాబ్దం మధ్యలో హంగేరీ రాజు రెండో గేజా సరిహద్దు భూములు సాగులోకి తేవడానికి, కాపలాకూ పడమటి దేశాల నుంచి జనాన్ని పిలిపించాడు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది రైన్, మోసెల్ నదుల తీరాలవాళ్ళు, ఇప్పటి లక్సంబర్గ్ చుట్టుపక్కలవాళ్ళు, కొందరు ఫ్లాండర్స్ వాళ్ళు. ఇప్పటికీ సాక్సన్ ముసలివాళ్ళు మాట్లాడే యాస లక్సంబర్గ్ భాషకే దగ్గరగా ఉంటుంది. మొదట్లో రాజు పత్రాల్లో వీళ్ళను 'అతిథులు' అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో రాసేవారు. తర్వాత రాతకోతల్లో 'సాక్సన్' అన్న మాట స్థిరపడిపోయింది. గుమాస్తాలు పెట్టిన పేరు ఎనిమిది వందల ఏళ్ళుగా ఒక జాతికి పేరుగా ఉండిపోయింది.

వీళ్ళకు రాజు ఊరికే భూమి ఇవ్వలేదు, హక్కులూ ఇచ్చాడు. 1224లో రెండో ఆండ్రూ ఇచ్చిన శాసనంలో అవి స్పష్టంగా ఉన్నాయి. తమ న్యాయాధికారినీ తమ పూజారినీ తామే ఎన్నుకోవచ్చు. దశమభాగం పన్ను బిషప్‌కు కాకుండా తమ పూజారికే కట్టొచ్చు. వర్తకులకు సుంకం ఉండదు. వాళ్ళ భూమిని రాజు ఇంకో ప్రభువుకు రాసివ్వకూడదు. బదులుగా ఏటా 500 మార్కుల వెండి కట్టాలి, రాజ్యం లోపల యుద్ధమొస్తే 500 మంది సైనికులను పంపాలి. ఈ శాసనం ముందు ఇంకో సాక్సన్ పట్నమైన సిబియు వైపు ఊళ్ళకు వర్తించింది, బర్సా సీమకు ఇలాంటి హక్కులు కాస్త ఆలస్యంగా దక్కాయి. ఏదేమైనా సారాంశం ఒకటే: ఈ ఊళ్ళకు దొర లేడు. మధ్యయుగపు యూరప్‌లో రైతంటే మామూలుగా ఎవరో ఒక ప్రభువు కింద పడి ఉండేవాడు. ఆపద వస్తే ఆ ప్రభువు కోటలోకి పరుగెత్తేవాడు. దొర లేని ఊరికి దొరగారి కోట కూడా ఉండదు కదా. స్వేచ్ఛకు అది రెండో వైపు.

చర్చి ముందు, కోట తర్వాత

బర్సా సీమ కథ కొంచెం వేరే. ఇక్కడికి మొదట వచ్చింది రైతులు కాదు, ట్యూటానిక్ వీరులు. పవిత్ర యుద్ధాల కాలంలో పుట్టిన జర్మన్ సన్యాసి సైనికుల దండు అది. కొండలకు అవతల కుమాన్ అనే సంచార జాతి ఉండేది, వాళ్ళ దాడులు ఆపమని 1211లో రెండో ఆండ్రూ ఈ సీమను ఆ వీరులకు అప్పగించాడు. వాళ్ళు కోటలు కట్టారు, జర్మన్ రైతులను తెచ్చి ఊళ్ళు పెట్టారు. అంతా బాగానే ఉంది గానీ, కొన్నేళ్ళకే ఈ భూమిని నేరుగా పోప్ అధికారం కిందికి తెచ్చుకోవాలని చూశారు. రాజుకు విషయం అర్థమైంది. 1225లో సైన్యంతో వచ్చి తరిమేశాడు. వాళ్ళు బాల్టిక్ తీరానికి పోయి అక్కడ ప్రష్యాలో ఒక రాజ్యమే కట్టుకున్నారు. రాజు కొంచెం మెతకగా ఉండి ఉంటే ఆ రాజ్యం ఇక్కడే వెలిసేదేమో.

వీరులు పోయారు, రైతులు మిగిలారు, సగం కట్టిన చర్చీ మిగిలింది. 1240లో రాజు నాలుగో బేలా ఈ సీమలోని కొన్ని చర్చిలను సిస్టర్షియన్ అనే కాథలిక్ శాఖ సన్యాసులకు ఇచ్చాడు. ఆ పత్రంలో టార్ట్‌లావ్ పేరుంది. ప్రెజ్మెర్ చర్చి నేలపటం సమానమైన నాలుగు చేతులున్న శిలువ ఆకారంలో ఉంటుంది, ఈ ప్రాంతంలో అలాంటిది అరుదు. ఆ పటం వీరుల కాలం నాటిదనీ, పైన ఉన్న కోసుగా లేచే గోతిక్ కమానుల పనితనం సన్యాసులదనీ చెబుతారు. తర్వాత పడమటి చేతిని పొడిగించడంతో ఆ సమానత్వం పోయింది.

పత్రం రాసిన మరుసటి ఏడే, 1241 వసంతంలో, మంగోలులు కనుమలు దాటి వచ్చి పడ్డారు. బర్సా సీమలో ఎదురు నిలిచిన సైన్యాన్ని చిత్తు చేసి ముందుకు సాగారు. అప్పటికి చర్చి చుట్టూ చెప్పుకోదగ్గ గోడేమీ లేదు. ఇప్పుడు మనం చూస్తున్న మహా ప్రాకారం రావడానికి ఇంకో రెండు వందల ఏళ్ళు పట్టింది. దాన్ని కట్టించింది మంగోలుల భయం కాదు, టర్కీ సుల్తానుల, అంటే ఒట్టోమన్ల భయం.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే చాలామంది పొరబడేది ఇక్కడే. ఒట్టోమన్ దాడి అంటే సుల్తాను లక్ష మంది సైన్యంతో, పెద్ద ఫిరంగులతో వచ్చి కోటను ముట్టడించడం అని ఊహించుకుంటాం. కాన్‌స్టాంటినోపుల్ మీద అలా వచ్చారు, నిజమే. ట్రాన్సిల్వేనియా పల్లెల మీదికి మాత్రం చాలాసార్లు వచ్చింది 'అకించి' అనే గుర్రపు దండులు. జీతాలుండవు, దోచుకున్నదే కూలి. వేగంగా వస్తారు, పంటలు తగలబెడతారు, పశువులను తోలుకుపోతారు, మనుషులను పట్టుకుపోతారు. బందీలే అసలు సరుకు.

1438లో సెబెష్ పట్నం మీద జరిగిన దాడిలో ఏమైందో అక్కడున్న ఒక కుర్రవాడే తర్వాత లాటిన్‌లో రాసి పెట్టాడు. అప్పుడతను చదువుకుంటున్నాడు, పదహారేళ్ళ లోపు వయసు. పట్నం లొంగిపోయింది. లొంగడం ఇష్టం లేని కొందరు ఒక బురుజులోకి దూరారు, అతనూ వాళ్ళలో ఉన్నాడు. బురుజుకు నిప్పు పెట్టారు. బతికి బయటపడ్డవాళ్ళను గొలుసులతో కట్టి దానూబ్ అవతలికి తీసుకుపోయి అమ్మేశారు. ఇరవై ఏళ్ళు బానిసగా బతికి గానీ అతను తప్పించుకోలేకపోయాడు.

బర్సా సీమకు ఈ దండులు 1395 ప్రాంతంలో మొదటిసారి వచ్చాయి. 1421లో వచ్చినప్పుడు బ్రషోవ్ పట్నాన్నే దోచారు. ఆ తర్వాత రాజు సిగిస్‌మండ్ స్వయంగా వచ్చి ఇక్కడ నెలల తరబడి మకాం వేసి రక్షణ పనుల మీద దృష్టి పెట్టాడు. ఊళ్ళలో గోడలు లేచింది ఆ కాలంలోనే. 1450ల చివర్లో అయితే దక్షిణం నుంచి ఇంకో బెడద: కొండలకు అవతల ఉన్న వలాకియా రాజ్యపు పాలకుడు వ్లాద్. శత్రువులను శూలాలకు గుచ్చేవాడని పేరుపడి, తర్వాత డ్రాక్యులా కథలకు పేరిచ్చినవాడు. బ్రషోవ్ వర్తకులతో గొడవపడి చుట్టుపక్కల ఊళ్ళు తగలబెట్టాడు. ట్రాన్సిల్వేనియా అంటే డ్రాక్యులా అనుకునే మనకు అతను ఇక్కడివాడిలా అనిపిస్తాడు గానీ, ఈ ఊళ్ళ దృష్టిలో అతను కూడా బయటి నుంచి వచ్చిపడ్డ దోపిడీదారే.

చర్చినే ఎందుకు కోటగా మార్చారు?

ఊరంతటికీ గోడ కడితే బాగుండేది. డబ్బులేవి? బ్రషోవ్, సిబియు లాంటి పట్నాల్లో వర్తక సంఘాలు ఉన్నాయి, ఒక్కో బురుజును ఒక్కో వృత్తి సంఘం కట్టి కాపలా కాసింది. పల్లెకు ఆ స్థోమత లేదు. ఊళ్ళో రాతితో కట్టింది ఒక్క చర్చే. అది ఊరి నడిమధ్యలో ఉంది. దానికి ఎత్తైన గంట గోపురం ఉంది, అక్కడ నిలబడి చూస్తే కనుమ వైపు దుమ్ము లేస్తే తెలుస్తుంది. పూజారిని ఎన్నుకునేది ఊరే కాబట్టి చర్చి మీద మాట చెల్లేదీ ఊరిదే. దాని చుట్టూ గోడ కట్టడానికి ఎవరినీ అడుక్కోనక్కర్లేదు.

ఆ పని రెండు రకాలుగా జరిగింది. కొన్ని ఊళ్ళు చర్చి కట్టడాన్నే కోటగా మార్చాయి. సస్కిజ్‌లో, వాలియా విల్లోర్‌లో చర్చి మీదే ఒక అంతస్తు లేపి, బాణాలు వేయడానికి, రాళ్ళు దొర్లించడానికి కంతలు పెట్టారు. వాలియా విల్లోర్‌లో బలిపీఠం ఉన్న భాగంలోనే ఒక బావి తవ్వారు. దేవుడి ముందు బావి అంటే ఎంత గట్టి అవసరమో ఆలోచించండి. ఇంకొన్ని ఊళ్ళు చర్చి జోలికి పోకుండా దాని చుట్టూ ప్రాకారం కట్టాయి. ప్రెజ్మెర్ ఈ రెండో రకంలో పెద్దది.

గోడ సుమారు 12 మీటర్ల ఎత్తు, అడుగున కొన్నిచోట్ల నాలుగు మీటర్లకు మించిన మందం. బయట ఒకప్పుడు నీళ్ళతో నిండిన కందకం, దాని మీద ఎత్తి దించే వంతెన. లోపలికి పోవడానికి ఒకటే దారి, అది కూడా తలుపు తీయగానే లోపల తేలే దారి కాదు. దాదాపు 30 మీటర్ల పొడవున్న కమాను కప్పు సొరంగం. అందులో నడుస్తుంటే తల మీద ఇనుప మొనలున్న బరువైన కొయ్య చట్రం ఒకటి వేలాడుతూ ఉంటుంది. అవసరమైతే తాడు వదిలేస్తే చాలు, దభీమని దిగి దారి మూసేస్తుంది. గుర్రం మీద వచ్చినవాడికి ఆ సొరంగంలో గుర్రాన్ని తిప్పుకునే జాగా కూడా ఉండదు. ఈ దారికి ముందు ఇంకో చిన్న ఆవరణ, దానికి రొట్టెలవాళ్ళ వాకిలి అని పేరు. ముట్టడి రోజుల్లో ఊరికి రొట్టెలు కాల్చింది అక్కడే.

గోడ పైభాగంలో చుట్టూ కప్పు వేసిన నడవా. అందులోంచి బయటికి సన్నటి కంతలు, కిందికి వేడి నూనో, తారో పోయడానికి ఇంకొన్ని కంతలు. అక్కడ 'మృత్యు ఆర్గన్' అని పిలిచే ఆయుధం ఒకటి ఉండేది. చర్చిలో వాయించే ఆర్గన్ గొట్టాల్లా ఒక కొయ్య పలక మీద తుపాకీ గొట్టాలు వరసగా బిగించి ఉంటాయి. అన్నీ ఒకేసారి పేలతాయి. పలకను తిప్పితే వెనక వైపు ఇంకో వరస సిద్ధంగా ఉంటుంది. అది పేలేలోపు మొదటి వరసలో మందు కూరుకోవచ్చు. పేరు పెట్టినవాళ్ళెవరో గానీ ఆదివారం ప్రార్థనకు తప్పకుండా వెళ్ళేవాళ్ళే అయ్యుంటారు.

ఇక ఆ గదులు. 270 గదులు, కోటలో పట్టే జనం సుమారు 1,600 మంది అని చెబుతారు. భాగించి చూడండి, గదికి ఆరుగురు. అంటే ఒక ఇంటి మనుషులు. అమ్మా నాన్నా, పిల్లలు, ఒక ముసలి ప్రాణం. దండు వస్తున్నట్టు గంట మోగగానే ఎవరి గదిలోకి వాళ్ళు. చోటు కోసం కొట్లాట లేదు, 'మాకు ఎక్కడ?' అన్న ప్రశ్న లేదు. వందల మంది భయంతో ఒక్క వాకిట్లోంచి లోపలికి దూసుకొస్తున్నప్పుడు ఈ చిన్న ఏర్పాటు ఎంత పని చేస్తుందో రైలు ఎక్కిన ప్రతివాళ్ళకూ తెలుసు. పిల్లల చదువు ఆగకూడదని లోపల ఒక బడి గది కూడా పెట్టుకున్నారు. ఇప్పుడు అక్కడ పాత బల్లలు పెట్టి చూపిస్తున్నారు.

దాడుల్లేని రోజుల్లో ఆ గదులు ఖాళీగా ఉండేవి కావు. ధాన్యం, ఎండబెట్టిన మాంసం, విలువైన సామాను అక్కడే దాచేవారు. అసలు తెలివి ఇదే అనిపిస్తుంది నాకు. దండు హఠాత్తుగా వస్తే మనుషులు పరుగెత్తుకు రాగలరు గానీ గాదెలు పరుగెత్తవు. తిండి ముందే కోటలో ఉంటే మనిషి ఒక్కడూ వస్తే చాలు. చాలా ఊళ్ళ చర్చి కోటల్లో ఒక బురుజును ప్రత్యేకంగా పంది కొవ్వు ముక్కలు వేలాడదీయడానికి ఉంచేవారు, విస్క్రి ఊళ్ళో దాని పేరే 'కొవ్వు బురుజు'. ఉప్పు పట్టించి పొగబెట్టిన పెద్ద ముక్కలు అవి, ఏడాదంతా తినాలి. ఇంటి గుర్తు వేసిన ముక్కను చెప్పిన రోజున, అందరి ఎదుటా కోసుకోవాలి. కోసిన చోట మళ్ళీ ముద్ర వేసేవారు, మధ్యలో ఎవరూ చేయి పెట్టకుండా. కోట అంటే యుద్ధం ఒక్కటే కాదు, దాడులు జరిగే కొద్ది రోజులు తప్ప మిగతా కాలమంతా అది ఊరుమ్మడి కొట్టు.

దీన్నంతటినీ నడిపించింది 'ఇరుగుపొరుగు' అనే వ్యవస్థ. అది ఒట్టి మాట కాదు, ఒక్కో వీధివాళ్ళకు రాతపూర్వకమైన నియమాలున్న సంఘం. దానికి ఒక పెద్ద, ఆయన్ని 'పొరుగు తండ్రి' అనేవారు. ఇల్లు కడుతుంటే సాయం పట్టడం, బావి శుభ్రం చేయడం, నిప్పంటుకుంటే ఆర్పడం, ఎవరైనా పోతే గొయ్యి తవ్వి మోయడం అన్నీ వంతులవారీగా చేయాల్సిన పనులు. కబురు చెప్పాలంటే చెక్కతో చేసిన గుర్తు ఒకటి ఇంటి నుంచి ఇంటికి చేతులు మారేది. రానివాళ్ళకు జరిమానా. ఏడాదికి ఒక రోజు అందరూ కూర్చుని లెక్కలు తేల్చుకుని, తగవులు తీర్చుకుని, జరిమానా డబ్బులతో తాగేవారు. ఇప్పటి మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు ఆ చివరి నియమం ఒక్కటి ఉన్నా మీటింగులకు జనం వస్తారేమో. గోడ ఎంత మందంగా ఉన్నా కాపలా వంతు ఎవరిదో తెలియకపోతే అది పనికిరాదు. ఆ వంతుల లెక్క ఈ ఊళ్ళ దగ్గర పక్కాగా ఉంది.

యాభై దాడులు, ఒక ఓటమి

13వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం దాకా ప్రెజ్మెర్ మీద యాభై దాడులు జరిగాయనీ, శత్రువుకు చిక్కింది ఒక్కసారేననీ చెప్పుకుంటారు. ఈ లెక్కను రెండు విధాలుగా చూడాలి. ఒకటి, సగటున పదేళ్ళకు ఒక దాడి. అంటే అక్కడ పుట్టిన పిల్ల ముసలిదయ్యేలోపు అయిదారు సార్లు ఆ మెట్లెక్కి ఆ గదిలో దాక్కుని ఉంటుంది. రెండు, ఆ దాడుల్లో ఎక్కువ భాగం అసలు కోటను పట్టుకోవడానికి వచ్చినవి కావు. గుర్రపు దండు దగ్గర పెద్ద ఫిరంగులుండవు, నెలల తరబడి కూర్చునే తీరికా ఉండదు. నాలుగు రోజులు తలుపు తెరవకపోతే పక్క ఊరికి పోతుంది. కోట గెలవాల్సిన అవసరం లేదు, దోపిడీ గిట్టుబాటు కాకుండా చేస్తే సరిపోతుంది. దీన్ని తక్కువ చేసి చెప్పడం లేదు. ఒక పల్లె తన చేతిలో ఉన్న డబ్బుతో, తన ముందున్న శత్రువుకు సరిగ్గా సరిపోయే గోడ కట్టుకుంది. అంతకన్నా పెద్దది కట్టి ఉంటే అప్పులపాలయ్యేది.

మరి ఆ ఒక్క ఓటమి? 1611లో. పట్టుకున్నది సుల్తాను కాదు, మంగోలులు కాదు. ట్రాన్సిల్వేనియా పాలకుడే, గాబ్రియేల్ బాథొరి. అంటే వాళ్ళ సొంత రాజు. సాక్సన్ పట్నాల స్వతంత్రం ఆయనకు కంటగింపుగా ఉండేది. 1610 చివర్లో సిబియులోకి సైన్యంతో వెళ్ళి ఆక్రమించాడు. తర్వాత బ్రషోవ్ మీద పడ్డాడు. బ్రషోవ్ న్యాయాధికారి మిఖాయెల్ వైస్ ఎదురు తిరిగాడు, 1612లో యుద్ధంలో చనిపోయాడు. ఆ గొడవల మధ్యలోనే ప్రెజ్మెర్ చిక్కింది. 1613లో బాథొరిని ఆయన మనుషులే చంపేశారు. దోపిడీదారుల కోసం కట్టిన గోడ, ఫిరంగులూ తీరికా రెండూ ఉన్న పాలకుడిని ఆపలేకపోయింది.

గోడకు అవతల ఉన్నవాళ్ళు

ఇంతదాకా చెప్పింది విని ఈ ఊళ్ళు సమానత్వపు స్వర్గాలనుకోకూడదు. ట్రాన్సిల్వేనియాలో సాక్సన్లు ఎప్పుడూ మెజారిటీ కాదు. రొమేనియన్లు ఎక్కువ, వాళ్ళలో చాలామంది ఊరి అంచుల్లో, హక్కుల్లేకుండా బతికారు. 1437లో రైతుల తిరుగుబాటు వచ్చినప్పుడు హంగేరియన్ ప్రభువులు, హంగేరియన్ మాట్లాడే సెకేలులు అనే జనం, సాక్సన్లు కలిసి ఒక ఒప్పందం చేసుకున్నారు. తర్వాత దానికి 'మూడు జాతుల ఐక్యత' అని పేరొచ్చింది. అక్కడ జాతి అంటే హక్కులున్న వర్గం అనే అర్థం. ఆ మూడింటిలో రొమేనియన్లు లేరు, రోమా (జిప్సీ) జనం ఊసే లేదు. 1784లో అప్పటికి ఈ ప్రాంతాన్ని ఏలుతున్న ఆస్ట్రియా హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తి రెండో జోసెఫ్ అందరూ సమానమే అంటూ సాక్సన్ల హక్కులు తీసేస్తే వీళ్ళు గగ్గోలు పెట్టారు. ఆయన చనిపోయేముందు ఆ ఆజ్ఞ వెనక్కి తీసుకున్నాడు. 1876లో మాత్రం వాళ్ళ స్వపరిపాలన మళ్ళీ రాకుండా పోయింది.

మతం విషయం త్వరగా చెప్పి వదిలేస్తాను. 1540ల్లో బ్రషోవ్ పండితుడు యోహానెస్ హోంటరుస్ చొరవతో సాక్సన్లు కాథలిక్ మతం వదిలి లూథరన్ (ప్రొటెస్టంట్) శాఖలోకి మారారు. చర్చిల్లోంచి విగ్రహాలు తీసేశారు, గోడల మీది బొమ్మలకు చాలాచోట్ల సున్నం కొట్టారు. ప్రెజ్మెర్‌లో 1450 ప్రాంతపు బలిపీఠం మాత్రం మిగిలింది. శిలువ ఘట్టం మధ్యలో ఉన్న మూడు పలకల చిత్రం అది, ట్రాన్సిల్వేనియాలో ఆ రకం వాటిలో అతి పాతదని అంటారు.

ఊరు ఖాళీ అయిన తీరు

1699లో ఒట్టోమన్లతో సంధి కుదిరి ట్రాన్సిల్వేనియా హాబ్స్‌బర్గ్‌ల చేతికి పూర్తిగా వచ్చాక ఈ గోడలకు పని తగ్గింది. గదుల్లో ధాన్యం మిగిలింది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఈ ప్రాంతం రొమేనియాలో కలిసింది. అసలు దెబ్బ 1940ల్లో పడింది. జర్మనీతో రొమేనియా చేసుకున్న 1943 ఒప్పందం ప్రకారం సాక్సన్ కుర్రాళ్ళు వేల సంఖ్యలో హిట్లర్ నాజీ పార్టీ సాయుధ దళాలైన ఎస్ఎస్‌లో చేరారు. కొందరు ఉత్సాహంగానే పోయారు, ఇందులో దాచాల్సిందేమీ లేదు. 1945 జనవరిలో సోవియట్ సైన్యం రొమేనియాలోని జర్మన్లలో 17 నుంచి 45 ఏళ్ళ మగవాళ్ళను, 18 నుంచి 30 ఏళ్ళ ఆడవాళ్ళను గనుల్లో, ఫ్యాక్టరీల్లో వెట్టి పనికి రైళ్ళలో పంపింది. సుమారు 70 వేల మంది. వాళ్ళలో దాదాపు 30 వేల మంది ట్రాన్సిల్వేనియా సాక్సన్లు. ఇళ్ళల్లో మిగిలింది ముసలివాళ్ళు, పిల్లలు. అదే ఏడాది భూములూ పోయాయి.

తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. రొమేనియా కమ్యూనిస్టు నియంత చౌషెస్కు ప్రభుత్వం తన జర్మన్ పౌరులను పశ్చిమ జర్మనీకి తలకింత చొప్పున అమ్మింది. 1978 ఒప్పందంలో తలకు 5,000 మార్కులు, తర్వాత రేటు పెరిగింది. 1967 నుంచి 1989 దాకా ఇలా సుమారు 2,26,000 మంది వెళ్ళిపోయారు. 1989 డిసెంబర్‌లో చౌషెస్కు పడిపోయాక తలుపులు తెరుచుకున్నాయి. 1990 ఒక్క ఏడాదిలోనే లక్షకు పైగా జర్మన్లు దేశం వదిలి వెళ్ళారు. కొన్ని ఊళ్ళు నెలల్లో ఖాళీ అయ్యాయి. చర్చి తాళం చెవి ఆఖరున ఏ ముసలావిడ చేతిలో మిగిలితే ఆవిడే ఊరి పెద్ద. రెండో ప్రపంచయుద్ధానికి ముందు రెండు లక్షలు దాటి ఉన్న ట్రాన్సిల్వేనియా సాక్సన్లు ఇప్పుడు పదివేల చిల్లర. అయినా ఆ కొద్దిమందిలోంచే దేశాధ్యక్షుడు ఒకరు వచ్చారు: 2014 నుంచి 2025 దాకా ఉన్న క్లావుస్ యొహానిస్, సిబియు సాక్సన్.

ప్రెజ్మెర్‌కు మాత్రం అదృష్టం కలిసొచ్చింది. బ్రషోవ్‌కు దగ్గర, 1960ల్లోనే కోటను మరమ్మతు చేశారు, 1999లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. 1993లో బియెర్తాన్ ఊరు ఒక్కటే ఉన్న ఆ జాబితాలోకి అప్పుడు మరో ఆరు ఊళ్ళు చేరాయి. ప్రెజ్మెర్ ఊరు ఇప్పుడు రొమేనియన్లతో నిండుగా ఉంది, సందర్శకులకు కొదవ లేదు. మిగతా చోట్ల పరిస్థితి వేరు. 2016 ఫిబ్రవరిలో కొద్ది రోజుల తేడాతో రెండు గంట గోపురాలు కూలిపోయాయి. ఒకటి రోదెష్‌లో, ఇంకొకటి బర్సా సీమలోనే ఉన్న రొత్‌బావ్‌లో. దండులేవీ రాలేదు. పెంకులు జారాయి, వాన నీళ్ళు దిగాయి, ఎక్కి సరిచేసే వంతు ఎవరికీ లేకపోయింది.

జాబితాలో చేరిన ఆ ఆరు ఊళ్ళలో దిర్జివ్ ఒకటి. అది సాక్సన్లది కాదు, హంగేరియన్ మాట్లాడే సెకేలులది. మతం కూడా వేరు, వాళ్ళు యూనిటేరియన్లు, అంటే త్రిత్వాన్ని ఒప్పుకోని క్రైస్తవులు. వాళ్ళను ఎవరూ కొనలేదు, వాళ్ళు ఎక్కడికీ పోలేదు. అక్కడి కోట గోడకు ఆనించి ఇప్పటికీ ఇళ్ళవారీగా ధాన్యపు పెట్టెలున్నాయి, బురుజులో కొవ్వు ముక్కలు వేలాడుతున్నాయి. ఇంట్లో అయిపోతే ఊరివాళ్ళు కత్తి తీసుకుని చర్చి కోటకు వెళ్ళి, తమ ముక్కలోంచి కావలసినంత కోసుకుని తెచ్చుకుంటారు.